ఫోన్‌లో ఏముంటే అక్కడా అదే

చిట్టి కాపురానికి వచ్చేసరికే ఆ పడకగదిలో కిటికీ కింద ఒక నల్లటి ఇనప పెట్టె తిష్ఠ వేసుకుని ఉంది. పగలూ రాత్రీ గుర్రుమంటూనే ఉండేది. "పాత కంప్యూటరే, ఎవరో పారేస్తుంటే తెచ్చా. లినక్స్ అనే సాఫ్ట్‌వేరు ఎక్కించాక చూడు, కుర్రాడైపోయింది" అని భర్త దాని నెత్తి మీద దుమ్ము తన జేబు రుమాలుతో తుడిచాడు. పెళ్ళికూతురి మొహాన చెమట పడుతోందన్న ధ్యాస మాత్రం లేదు. తర్వాత కొడుకు పుట్టాడు. ఎవరూ అనుకుని పెట్టింది కాదు గానీ, ముందొచ్చిన పెట్టె పెద్దోడైంది, వెనకొచ్చిన పిల్లాడు చిన్నోడయ్యాడు.

భర్త ఉద్యోగం సర్వర్లను కనిపెట్టుకుని ఉండటం. ఎక్కడో చల్లటి గదుల్లో వరసగా నిలబడి ఉండే కంప్యూటర్లకు రోగం రొష్టూ రాకుండా చూడటం, వస్తే పరుగెత్తటం. లినక్స్‌లో అన్నిటి మీదా పెత్తనం ఉన్నవాణ్ణి రూట్ అంటారట. అందుకని ఆఫీసులో ఆయన్ని అందరూ రూట్‌గారూ అని పిలుస్తారు. ఇంట్లో ఆ పెత్తనం అత్తయ్యది కాబట్టి, ఇంట్లో ఆయన 'ఒరేయ్' మాత్రమే.

రూట్‌గారికి ఒక పిచ్చి. ఏ పనైనా రెండోసారి చెయ్యాల్సొస్తే మనిషి చెయ్యకూడదు, స్క్రిప్టు చెయ్యాలి. స్క్రిప్టంటే చెయ్యాల్సిన పనులన్నీ వరసగా రాసి పెట్టెకి అప్పజెప్పడం. ఇక అది వేళకి దానంతటదే చేసుకుపోతుంది. వేణ్ణీళ్ళ హీటరు దానంతటదే వెలుగుతుంది, ఎవరూ స్నానానికి లేవని సెలవురోజున కూడా. వరండాలో దీపం దానంతటదే ఆరిపోతుంది, చిట్టి అక్కడ బియ్యం ఏరుకుంటున్నా సరే. "నా పెళ్ళాం చేతులు అరిగిపోకూడదని చేస్తున్నా" అంటాడు. అరిగిపోతున్నది చేతులు కావు, ఓపిక అని ఆయనకెలా చెప్పాలో చిట్టికి తెలీదు. చదువు మధ్యలో ఆగిపోయిన మనిషి. ఆయన కంప్యూటరు మాటలు మొదలెడితే ఎక్కడ అడ్డు తగలాలో తెలిసేది కాదు.

అలాంటి సంసారంలో చిన్నోడికి ఆ జబ్బు మొదలైంది.

జబ్బో కాదో కూడా తెలీదు, అదే బాధ. గోడ పట్టుకుని నడిచే వయసు. ఉన్నట్టుండి బిగుసుకుపోతాడు. పెదాలు నీలమవుతాయి, కళ్ళు తేలేస్తాడు, చేతుల్లో తడిబట్టలా వాలిపోతాడు. చిట్టి పై ప్రాణాలు పైనే పోతాయి. అంతలోనే గుక్క తిప్పుకుని లేచి, ఏమీ ఎరగనట్టు చెంచా అడుగుతాడు. అత్తయ్య అది గారం అంది. పక్కింటావిడ ఫిట్స్ అంది. ఇద్దరూ అన్నాక చిట్టికి నిద్ర పట్టడం మానేసింది. పిల్లాడి ఛాతీ మీద చెయ్యి వేసుకునే పడుకునేది.

పిల్లల నరాల డాక్టరమ్మ అంతా విని, "నా దగ్గరున్నప్పుడు రాదుగా అది? మీరు చెబుతుంటే ముందు ఏడ్చాడో, ముందు పడిపోయాడో తేలట్లేదు. అదే ముఖ్యం. ఏడ్చి ఊపిరి బిగబడితే ఒక దారి, ఏ ఏడుపూ లేకుండా పడిపోతే ఇంకో దారి. ఈసారి వీడియో తీసి తీసుకురండి" అంది.

ఆ వచ్చే నిమిషం ఏదో ఎవరికి తెలుసు? చిట్టి ఫోన్ పట్టుకుని పిల్లాడి వెంట తిరగడం మొదలెట్టింది. తింటుంటే తీసింది, పాకుతుంటే తీసింది, ఊరికే గోడకేసి చూస్తుంటే తీసింది. "ఇదేం చోద్యమే, వాడేమన్నా సినిమా హీరోనా" అని అత్తయ్య దెప్పినా తీసింది. చివరికి ఒకరోజు దొరికింది. మొదటి నుంచి చివరిదాకా. అది తీస్తున్నంతసేపూ ఫోన్ పట్టుకున్న చెయ్యి తనది కాదేమో అనిపించింది ఆమెకి. పిల్లాడు తేరుకున్నాక వంటింటి గుమ్మంలో కూలబడి, వాణ్ణి ఒళ్ళో వేసుకుని, ఆయనకి ఫోన్ చేసింది. "దొరికిందండీ!" అంది, ఏడుస్తూ.

"శభాష్! డాక్టరమ్మకి ఇప్పుడే పంపకు. ఆ చాటింగుల్లో పంపితే బొమ్మ పాడైపోతుంది. పెద్దోడి దగ్గరికి వచ్చేస్తుందిగా, నేను చూసుకుంటా" అన్నాడాయన.

అవును, చిట్టి ఫోన్‌లో తీసినదల్లా గంటగంటకీ పెద్దోడి కడుపులోకి వెళ్ళిపోతుంది. అదీ స్క్రిప్టే. ఆమె పనికిరానివని ఫోన్‌లో తీసేసిన మసక ఫొటోలు కూడా పెద్దోడి దగ్గర అలాగే పడి ఉండి డిస్కు నిండిపోతోందని, ఆ మధ్య ఆయన ఒకరోజు విసుక్కుని ఏదో సరిచేశాడు. చేసి, వంటింట్లోకి వచ్చి గర్వంగా చెప్పాడు: "ఇకమీదట బెంగ లేదు. నీ ఫోన్‌లో ఏముంటే అక్కడా అదే ఉంటుంది."

చిట్టి సరేనంది. అంతకంటే స్పష్టంగా ఎవరైనా ఏం చెబుతారు?

డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాల్సిన రోజు వచ్చింది. సాయంత్రానికి సమయం ఇచ్చారు. అది తప్పితే మళ్ళీ ఎప్పటికి దొరుకుతుందో ఎవరికీ తెలీదు. పొద్దున్నే ఆయన ఆఫీసుకి పోతూ, మధ్యాహ్నం వస్తాననీ, వీడియో లాప్‌టాప్‌లో వేసుకుని ముగ్గురం పోదామనీ చెప్పాడు. ఆయన వెళ్ళాక చిట్టి ఫోన్ చేతిలోకి తీసుకుంది. చోటు లేదు, చోటు లేదు అని ఫోన్ రోజూ పోరుతూనే ఉంది. దారిలో మళ్ళీ వస్తే తియ్యడానికి చోటుండాలి కదా. అక్కడా అదే ఉంటుంది కదా. ఫొటోలూ వీడియోలూ అన్నీ ఎంచి తీసేసింది. తీసేసినవి చెత్తబుట్టలో పడ్డాయట, ఇంకా చోటు రాలేదు. ఆ బుట్ట కూడా ఖాళీ చేసేసింది. ఎంత హాయిగా అనిపించిందో! చాలా రోజులకు ఒక పని తనంతట తాను సరిగ్గా చేసింది.

గిన్నెలు కడిగి, పిల్లాడికి అన్నం పెట్టి, ఎందుకైనా మంచిదని ఒకసారి పెద్దోడి తెర వెలిగించి చూసుకుంది. ఫొటోలూ వీడియోలూ ఉండే ఫోల్డరుని ఆయన బొమ్మల గది అంటాడు, అదెలా తెరవాలో ఆయనే నేర్పాడు. తెరిచింది.

ఖాళీ.

మళ్ళీ మూసి తెరిచింది. గది అదే. గోడలున్నాయి, సామాను లేదు. వెంటనే ఆయనకి ఫోన్ చేసింది.

"ఏమండీ, మీ పెద్దోడు అన్నీ ఎక్కడో దాచాడు, కనపడట్లేదు."

"దాయడం ఏంటి, తెరిచి చూడు."

"తెరిచే చూస్తున్నా. ఫోన్‌లో చోటు కోసం అన్నీ తీసేశాను. ఇక్కడ చూస్తే..."

అక్కడి చల్లగది మిషన్ల హోరు మాత్రం వినిపించింది.

"ఏం చేశావ్?"

"తీసేశానండీ. మీరేగా చెప్పారు, ఫోన్‌లో ఏముంటే అక్కడా అదే ఉంటుందని!"

"అవును! ఫోన్‌లో ఏముంటే అదే! ఏమీ లేకపోతే ఏమీ ఉండదు! అద్దం లాగానే! అద్దం ముందు నుంచి నువ్వు పక్కకి తప్పుకుంటే అద్దంలో ఉంటావా?"

"అద్దం అని చెప్పారా మీరు? అద్దం అని ఒక్కసారన్నా అన్నారా? దాస్తున్నారనుకున్నాను! అన్నీ దాచిపెట్టే చోటు అనుకున్నాను!"

"అయ్యో రామా! ఫోన్‌లో తీసేసినవి అక్కడా తీసెయ్యమని స్క్రిప్టులో ఆ డిలీట్ అన్న మాట నేనే తగిలించా..." అని గొణిగాడు. ఊళ్ళోవాళ్ళ కంప్యూటర్లన్నిటికీ బ్యాకప్ తీసుకున్నారా అని గద్దించే మనిషి. ఆ మాట ఇప్పుడు ఎవరూ అడక్కపోయినా ఆయనకి వినపడుతున్నట్టే ఉంది. అంతలోనే ఉలిక్కిపడ్డట్టు, "విను, విను! తీసేసినంత మాత్రాన వెంటనే చెరిగిపోవు. దాని మీద ఇంకేదన్నా రాస్తేనే పోతాయి. పెద్దోడు ఊరికే ఉండడు, ఏదో ఒకటి రాసుకుంటూనే ఉంటాడు. వాడి చేత రాయించకూడదు. నేను చెప్పింది చెప్పినట్టు కొట్టు" అన్నాడు.

చిట్టి పిల్లాణ్ణి చంకనేసుకుని ఒంటి చేత్తో కీబోర్డు ముందు నిలబడింది. ఫోన్ భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుంది.

"ఎస్, యు, డి, ఓ."

"కొట్టాను."

"ఖాళీ."

"ఆఁ... కొట్టాను."

"ఎమ్, ఓ, యు, ఎన్, టి. ఖాళీ. అడ్డగీత. ఓ. ఖాళీ."

"మెల్లిగా చెప్పండి, వీడు గీతల మీద చెయ్యేస్తున్నాడు."

మొత్తానికి చెప్పిందంతా కొట్టి ఎంటర్ నొక్కింది.

"ఏమంటోంది?"

చిట్టి కూడబలుక్కుని చదివింది. "సుడోఖాలీమౌంట్‌ఖాలీ... ఇలాంటి ఆదేశం లేదంటోంది."

"ఖాలీ ఏంటి?"

"మీరేగా ఖాళీ ఖాళీ అన్నారు! కె, హెచ్, ఎ, ఎల్, ఐ. ళ-కి ఏ అక్షరం కొట్టాలో తెలీక ల కొట్టాను."

అవతల పెద్ద నిట్టూర్పు వినిపించింది. ఆ వెనకాల ఎవరో కిసుక్కున నవ్వారు. "ఖాళీ అంటే ఖాళీ వదలమని! ఆ పొడుగు మీట నొక్కమని!"

"అలా అని చెప్పొచ్చుగా! అన్నీ సగం సగం చెప్పి నా ప్రాణం తియ్యడమేనా!"

మళ్ళీ కొట్టింది. ఈసారి పెట్టె పాస్‌వర్డ్ అడిగింది.

"చెప్పండి."

"అదీ... పక్కన అందరూ ఉన్నారు."

"ఉంటే?"

"పాస్‌వర్డ్ ఫోన్‌లో పైకి చెప్పకూడదు. నేనే అందరికీ పాఠం చెప్పా."

చిట్టికి అరికాలి మంట నెత్తికెక్కింది. "ఏమండీ, ఇది పరాయివాళ్ళ బ్యాంకు ఖాతానా? మీ పిల్లాడండీ! బయటికి పోయి చెప్పండి!"

ఆయన పరుగెత్తుతున్న చప్పుడు, తలుపు తోసిన చప్పుడు. మెట్ల మీద నుంచి గుసగుసగా చెప్పాడు. ఆమె కొట్టింది.

"ఏమీ పడట్లేదండీ. కీబోర్డు చచ్చిపోయింది."

"పడదు! కనపడకుండా పడుతుంది! కొడుతూ ఉండు!"

"కనపడకుండా ఎంతవరకు కొట్టానో నాకెలా తెలుస్తుంది?"

చిన్నోడు సరిగ్గా అప్పుడే రెండు చేతులతో కీబోర్డును దబదబా బాదాడు. తప్పు పాస్‌వర్డ్ అంది పెట్టె. మళ్ళీ కొట్టింది. మళ్ళీ తప్పంది.

"ఏమే, ఏంటా కేకలు? పిల్లాడు జడుసుకుంటాడు" అంటూ అత్తయ్య గుమ్మంలోకి వచ్చింది.

"మీ అబ్బాయిని అడగండి అత్తయ్యా!"

అత్తయ్య ఫోన్ అందుకుంది. "ఏంట్రా ఒరేయ్?" విని, విని, మొహం చిట్లించి, "అయితే తీగ పీకెయ్యాలంతేగా?" అంది.

"అలా పీకితే డిస్కుకి మంచిది కాదమ్మా, పద్ధతి ప్రకారం..." అంటూ నసిగి, చివరికి "సరే పీకెయ్, పీకెయ్!" అని అరిచాడు.

అత్తయ్య వంగి గోడలోంచి తీగ లాగేసింది. పెళ్ళైన దగ్గర్నుంచీ చిట్టి మొదటిసారి ఆ గదిలో నిశ్శబ్దం విన్నది.

ఆయన ఇంటికొచ్చేసరికి చొక్కా అంతా తడిసిపోయి ఉంది. ఒక పెన్‌డ్రైవ్, ఎవరి దగ్గరో అరువు తెచ్చిన ఇంకో డిస్కూ బల్ల మీద పెట్టి, చెప్పులు కూడా విప్పకుండా పెద్దోడి ముందు కూర్చున్నాడు. పెన్‌డ్రైవ్‌లోంచి పెట్టెను లేపి, పాత డిస్కు మీద ఏమీ రాయకుండా ఊరికే చదివి, దొరికినవన్నీ కొత్త డిస్కులో పోయమని ఏదో పని పెట్టాడు.

"మీ స్క్రిప్టును ముందే పరీక్షించి చూసుకోవచ్చుగా? ఏది పోతుందో, ఏది ఉంటుందో?" అంది చిట్టి.

"చూసుకోవచ్చు. నిజంగా చెయ్యకుండా, చేస్తే ఏమవుతుందో చెప్పమని అడగొచ్చు. దానికో మాట ఉంది." ఆయన తల వంచుకునే ఉన్నాడు. "అందరికీ అదే చెబుతా."

"ఇంట్లోవాళ్ళం అందరిలోకి రాము కాబోలు."

అత్తయ్య మంచినీళ్ళ గ్లాసు కొడుకు పక్కన ఠంగున పెట్టి వెళ్ళిపోయింది.

ఫైళ్ళు బయటికి రావడం మొదలెట్టాయి. చిట్టికి ప్రాణం లేచొచ్చింది, అంతలోనే చతికిలబడింది. ఒక్కదానికీ పేరు లేదు, తారీఖు లేదు. సంతలో తప్పిపోయిన పిల్లల్లా అన్నీ ఒక్కలాగే నిలబడ్డాయి. కొన్ని తెరుచుకోలేదు. కొన్నిట్లో సగం ఫొటో, మిగతా సగం బూడిద రంగు. వీడియోలైతే ఒక్కొక్కటీ పెట్టి చూడాల్సిందే. చిన్నోడు తింటున్నాడు. చిన్నోడు పాకుతున్నాడు. చిన్నోడు గోడకేసి చూస్తున్నాడు. తాను తీసినవే, అయినా ఇన్ని తీశానా అని చిట్టికే విసుగొచ్చింది.

"ఎలా ఉంటుందది? ఏ చొక్కా వేసుకున్నాడు?" అన్నాడాయన, తెర మీంచి కళ్ళు తిప్పకుండా.

చిట్టి ఆయన కేసి తిరిగింది.

"మీరు చూడలేదా?"

"చూశా. అంటే... వచ్చిందని చూశా. పూర్తిగా వచ్చిందా లేదా, సైజు సరిపోయిందా లేదా అని. తెరిచి చూద్దామనుకుంటూనే..."

చిట్టికి కోపం కూడా రాలేదు. కోపానికీ కొంత ఓపిక కావాలి. వెళ్ళి పిల్లాడి బట్టలు సంచీలో సర్దింది.

బస్సు వేళకి లాప్‌టాప్‌లోకి దొరికినంత ఎక్కించుకుని బయల్దేరారు. బస్సులో కిటికీ పక్క చిట్టి, ఒళ్ళో నిద్రపోతున్న చిన్నోడు. పక్కన ఆయన, మోకాళ్ళ మీద లాప్‌టాప్, ఒక్కో వీడియో తెరుస్తూ, మూస్తూ. ముందు సీటు పెద్దాయన రెండుసార్లు వెనక్కి తిరిగి చూశాడు.

ఆసుపత్రి ఇంకా కాస్త దూరం ఉందనగా ఒకటి తెరుచుకుంది. బొమ్మ లేదు. తెర నిండా ఆకుపచ్చ, బూడిద రంగు చతురస్రాలు, మధ్యలో ఒకచోట జుట్టులాంటి నల్లటి మచ్చ. ఆయన మూసెయ్యబోయాడు.

"ఆగండి" అంది చిట్టి.

శబ్దం ఉంది. స్టీలు మూత నేల మీద దొర్లిన చప్పుడు. "ఇటివ్వరా, చెయ్యి తెగుతుంది" అని అత్తయ్య గొంతు. ఆ వెంటనే చిన్నోడి ఏడుపు. ఒక్క పెద్ద కేక, దాని చివర సాగి సాగి, పల్చబడి, ఏమీ లేదు.

ఏమీ లేదు.

ఆ ఏమీ లేనిదాంట్లో చిట్టి గొంతు. "నాన్నా. నాన్నా, చూడు. ఊపిరి తీసుకో. అమ్మనిరా, తీసుకో బంగారం. తీసుకో, తీసుకో, తీసుకో..." గొంతు పగిలిపోతోంది, అయినా ఆగట్లేదు. ఎంతసేపటికో ఒక గుక్క. తర్వాత ఏడుపు.

ముందు సీటు పెద్దాయన ఈసారి తిరిగి చూడలేదు. భర్త లాప్‌టాప్ మూత మీద చెయ్యి వేసి ఉంచాడు. మూసినా ఎందుకో చెయ్యి తియ్యలేదు. చిట్టి కిటికీలోంచి బయటికి చూసింది. తన గొంతు అలా ఉంటుందని ఆమెకీ తెలీదు.

డాక్టరమ్మ తెర కేసి చూసి కళ్ళజోడు సర్దుకుంది. "ఇదేంటమ్మా, ఇది? ఆకుపచ్చ టైల్సు వేయించారా ఇంట్లో?"

భర్త అద్దం, డిలీట్, డిస్కు అంటూ మొదలెట్టాడు. చిట్టి మోచేత్తో ఒక్కటి పొడిచింది. "బొమ్మ పోయిందండీ. మాట ఉంది. వినండి."

డాక్టరమ్మ విసుగ్గానే చెయ్యి గడ్డానికి ఆనించుకుని విన్నది. మొదటి కేక దగ్గర వేలెత్తింది. "మళ్ళీ పెట్టండి." మళ్ళీ విన్నది, ఈసారి కళ్ళు మూసుకుని. "మూత లాక్కున్నదెవరు?"

"మా అత్తయ్య."

"వెంటనే ఏడ్చాడు. ఏడ్చి, ఏడ్చి, గుక్క పట్టాడు. ఆ తర్వాతే ఆగింది. వరస మీకు వినపడుతోందా? బొమ్మ ఉంటే మీరు నీలం రంగు చూపించి నన్నూ కంగారు పెట్టేవాళ్ళు." ఆమె కాగితం మీద ఏదో రాయడం మొదలెట్టింది. "ఫిట్స్ లాగా లేదు. ఏడుపు గుక్క. కోపమొచ్చినా, దెబ్బ తగిలినా కొందరు పిల్లలకి వస్తుంది, పెద్దయ్యేకొద్దీ పోతుంది. అయినా రక్తం చూడాలి, ఇనుము తక్కువైతే ఇది ఎక్కువవుతుంది. గుండె పరీక్ష కూడా ఒకటి చేయించండి, నా తృప్తి కోసం."

చిట్టికి ఏడుపొస్తోందో నవ్వొస్తోందో తెలీలేదు. కుర్చీ అంచు పట్టుకుంది.

"మళ్ళీ వస్తే ఏం చెయ్యాలి?" అన్నాడు భర్త.

"ఏమీ చెయ్యొద్దు. పక్కకి తిప్పి పడుకోబెట్టి, దగ్గర కూర్చోండి. కుదపకండి, నోట్లో వేలు పెట్టకండి, మొహాన నీళ్ళు కొట్టకండి. నిమిషం దాటినా తేరుకోకపోతే, ఏడవకుండానే పడిపోతే, అప్పుడు నా దగ్గరికి పరుగెత్తుకు రండి."

బయట మెట్లు దిగుతుంటే ఆయన మొహంలో మళ్ళీ ఆ వెలుగొచ్చింది. చిట్టికి తెలుసు ఆ వెలుగు. "నేనేమంటానంటే, వాడి ఏడుపును కనిపెట్టేలా గదిలో ఒక మైకు పెట్టి, ఏడుపు ఉన్నట్టుండి ఆగితే మనిద్దరి ఫోన్లూ మోగేలా చిన్న స్క్రిప్టు..."

"ఇంకొక్క మాట మాట్లాడారంటే ఈ మెట్ల మీదే కూర్చుని గుండెలు బాదుకుంటాను. వీణ్ణి పట్టుకోండి. నా చేతులు పడిపోతున్నాయి."

ఆయన నోరు మూసుకుని పిల్లాణ్ణి ఎత్తుకున్నాడు. చిన్నోడికి మెలకువ వచ్చింది. ఎదురుగా తండ్రి కళ్ళజోడు కనపడింది, లాగేసుకున్నాడు. "అది కాదు నాన్నా, పగులుతుంది" అని ఆయన వెనక్కి తీసుకున్నాడు.

కేక మొదలైంది. సాగింది. నోరు అలాగే తెరిచి ఉంది, శబ్దం లేదు. పెదాల చుట్టూ రంగు మారుతోంది.

"చిట్టీ!" పిల్లాణ్ణి కుదపబోయాడు.

"కుదపకండి. కూర్చోండి. పక్కకి తిప్పండి. అంతే."

ఆయన మెట్టు మీద కూలబడ్డాడు. వాణ్ణి ఒళ్ళో పక్కకి వాల్చి, చెయ్యి వాడి వీపు మీద పెట్టాలో తియ్యాలో తెలీక గాల్లోనే ఉంచేశాడు. ఎక్కేవాళ్ళు, దిగేవాళ్ళు పక్కకి తప్పుకుని పోతున్నారు. చిట్టి ఆయన పక్కనే కూర్చుని, "నాన్నా, తీసుకో" అంది.

గుక్క తిరిగింది. ఆసుపత్రి మెట్లన్నీ దద్దరిల్లేలా ఏడ్చాడు చిన్నోడు.

ఆయన మొహమంతా చెమట. కళ్ళజోడు ఎక్కడ పడిందో కూడా చూసుకోలేదు. "ప్రతిసారీ ఇంతేనా?" అన్నాడు.

"ఇది చిన్నదండీ" అంది చిట్టి, కింది మెట్టు మీంచి కళ్ళజోడు ఏరుతూ. "లేవండి, బస్సు పోతుంది."